జామియా బడిలో పౌరులను పెంచిన డాక్టర్ జాకిర్ హుసేన్

భారతదేశపు తొలి ముస్లిం రాష్ట్రపతిగా డాక్టర్ జాకిర్ హుసేన్ మనకందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన 22 సంవత్సరాలు ఒక పేద విద్యాసంస్థను కన్నబిడ్డలా సాకారన్న సంగతి మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు.

ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ న్యాయవాది. 1907లో తండ్రి మరణించడంతో కుటుంబం ఉత్తరాదిన ఉన్న స్వస్థలం ఖాయంగంజ్ చేరింది. ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చదువుతుండగానే, 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా బలిగొంది.

1920లో గాంధీజీ, అలీ సోదరుల పిలుపు విని, ఆంగ్ల ప్రభుత్వ సహాయంతో నడిచే అలీగఢ్ కళాశాలను విడిచి వచ్చిన యువకుల్లో ఆయన ఒకరు. ఆ ఏడాది అక్టోబరు 29న దేవ్‌బంద్ ఆలిం మౌలానా మహమూద్ హసన్ గారి చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైంది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడ్డాక విరాళాలు నిలిచిపోయాయి, జామియాను మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. అప్పుడు జర్మనీలో చదువుతున్న జాకిర్ సాహెబ్, మిత్రులు ఆబిద్ హుసేన్, ముజీబ్‌లతో కలసి తమ జీవితాలను జామియాకే ఇస్తామని కబురు పంపారు. 1926లో డాక్టరేట్‌తో తిరిగి వచ్చి, 29 ఏళ్లకే బాధ్యత స్వీకరించారు. నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోకుండా 20 ఏళ్లు సేవ చేస్తామని ఆయనా, సహచరులూ ప్రతిజ్ఞ చేశారు.

జామియా బడిలో పిల్లలకు బ్యాంకు, దుకాణం, సొంత ప్రభుత్వం ఉండేవి. ఎన్నికలు, లెక్కలు వారివే. షూరా అంటే ఏమిటో, అమానత్ అంటే ఏమిటో వారు చేసి నేర్చుకున్నారు. 1935లో ఓఖ్లాలో కొత్త భవనానికి పునాదిరాయి వేయించినది కూడా బడిలోని అతి చిన్న పిల్లవాడి చేతనే. 1937లో వార్ధా విద్యా ప్రణాళిక సంఘానికి ఆయనే అధ్యక్షులయ్యారు.

1947 ఆగస్టులో జలంధర్ స్టేషనులో అల్లరిమూకల చేతిలో ఆయన ప్రాణం పోవలసింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడారు. ఆయన మనసులో ద్వేషం పెంచుకోలేదు. 1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయ బాధ్యత తీసుకున్నారు. తర్వాత బీహారు గవర్నరు, ఉపరాష్ట్రపతి పదవులు నిర్వహించి, 1967లో రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పరమపదించారు. తాను పెంచిన జామియా ఆవరణలోనే ఆయన సమాధి ఉంది.

మన చిన్న హైస్కూళ్ల సంగతి ఆలోచిద్దాం. పిల్లవాడు ప్రశ్నిస్తే మనలో చాలామంది దానిని బేఅదబీ అనుకుంటాం. మా ఆర్మూరు ప్రాంతంలో పసుపు అమ్మిన రైతు తక్‌పట్టీని తన బిడ్డ చేత చదివించుకుంటాడు. ఆ బిడ్డ అంకెలు చదివితే చాలదు, లెక్క తప్పినచోట మర్యాద తప్పకుండా అడగగలగాలి. ఆ ధైర్యం పాఠం వల్లె వేస్తే రాదు. గ్రంథాలయం బీరువా తాళాలు, ఆటల నిధి లెక్కలు పిల్లల చేతికిచ్చి, నెలకోసారి అందరి ముందూ జవాబు చెప్పమంటే వస్తుంది. దీనికి డబ్బు అక్కరలేదు, పిల్లలపై నమ్మకం ఉంటే చాలు.

ఆ నమ్మకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.