ముక్కలు కలిపిన లెక్కల మేడం

మన కంప్యూటరు ల్యాబులో కుర్రాళ్లు నాలుగైదు చిన్న కమాండ్లను వరసగా ఒక ఫైలులో రాసి, దానికో పేరు పెడతారు. మర్నాడు ఆ పేరు కొడితే చాలు, పనంతా దానంతటదే అయిపోతుంది. దాన్నే షెల్ స్క్రిప్టు అంటారు. ఒకసారి రాసిన పనిని మళ్లీ రాయకుండా పేరుతో పిలవాలనే ఆలోచన కోసం పట్టుబట్టిన తొలితరంలో ఒక లెక్కల అధ్యాపకురాలున్నారు. ఆమే గ్రేస్ హాపర్.

1906 డిసెంబరు 9న న్యూయార్కులో జన్మించారు. చిన్నతనంలోనే ఇంట్లోని అలారం గడియారాలు విప్పి లోపలేముందో చూసిన పిల్ల! 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రంలో డాక్టరేటు పొంది, తాను చదువుకున్న వాసర్ కాలేజీలోనే పాఠాలు చెప్పారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. వయసు 37 ఏళ్లు, బరువు చూస్తే నిబంధనలకు చాలదు. అయినా ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943లో నౌకాదళ రిజర్వులో చేరారు. 1944లో హార్వర్డ్‌లోని మార్క్-1 దగ్గర పని అప్పగించారు. 51 అడుగుల పొడవున్న యంత్రమది. ఆదేశాలన్నీ కాగితపు టేపు మీద చిల్లులుగా పొడవాలి. పనికొచ్చిన ముక్కల్ని ఆమె, సహచరులు నోటు పుస్తకాల్లో దాచుకుని, ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తి రాసుకునేవారు. అక్కడే తప్పులు దొర్లేవి.

ఆ ఎత్తి రాసే పనేదో యంత్రానికే అప్పగిస్తే? 1949లో ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరిన హాపర్, 1952లో ఏ-0 అనే ప్రోగ్రామును తయారుచేశారు. సరిగ్గా పనిచేస్తున్న చిన్న ప్రోగ్రాములకు సంకేతాలిచ్చి టేపు మీద ఉంచారు. ఏవి ఏ వరసలో కావాలో రాసిస్తే, యంత్రమే వాటిని వెతికి ఒక్క ప్రోగ్రాముగా కూర్చేది. కానీ నమ్మిందెవరు? కంప్యూటరు లెక్కలు చేస్తుందే గానీ ప్రోగ్రాములు రాయడమేమిటని చాలామంది కొట్టిపారేశారు. ఆమె వాదనతో సరిపెట్టుకోలేదు, చేసి చూపించారు. తర్వాత ఇంగ్లీషు మాటలతో ఆదేశాలిచ్చే ఫ్లో-మాటిక్ తెచ్చారు. 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్ భాషకు అదే ముఖ్యమైన ఆధారం.

1966లో విరమణ చేస్తే, నౌకాదళం మరుసటి ఏడే వెనక్కి పిలిచింది. చివరికి 1986లో, 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా విరమించారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

యూనిక్స్ షెల్ ఆమె చేసింది కాదు, అది ఏ-0 తర్వాత సుమారు ఇరవై ఏళ్లకు వచ్చింది. అయినా దారి అదే. మిత్రులారా! ఒకే కమాండ్ల వరసను పదోసారి కొడుతున్నప్పుడు ఆ లెక్కల మేడంను ఒక్కసారి తలుచుకోండి. సరిగ్గా పనిచేసిన ముక్కకు ఒక పేరు పెట్టి, పక్కవాడికీ అందేలా ఉంచండి.