నోటి మాటకు బడిలో చోటు అడిగిన గిడుగు పంతులు

శ్రీముఖలింగం: వంశధార ఒడ్డున శ్రీముఖలింగానికి చేరువలో పర్వతాలపేట అనే పల్లె ఉంది. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పుట్టింది ఆ పల్లెలోనే. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయన కన్నుమూయగా కుర్రవాడు విజయనగరంలో మేనమామ గారింట ఉండి మహారాజా వారి పాఠశాలలో చదివాడు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మరుసటి ఏడు పాతపట్నం అవతల పర్లాకిమిడి రాజా వారి స్కూలులో నెలకు 30 రూపాయల జీతంపై మాస్టారుగా చేరారు.

పర్లాకిమిడి దాటితే కొండలు, కొండల్లో సవరలు. వారి మాట తెలుగుకు చుట్టం కాదు, ముండా భాషల తెగకు చెందినది. అప్పటికి దానికి సొంత లిపి లేదు. పుస్తకం చూసి నేర్చుకుందామంటే పుస్తకమే లేదు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను వారి భాష నేర్వాలని పంతులు గారు తలచారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషినొకరిని ఇంట్లోనే పెట్టుకుని పోషించి, అతని నోట విని, తాను పలికి, ఆ భాష పట్టుకున్నారు. గొంతులోనే తెగిపోయే ధ్వనులు ఆ భాషలో ఉన్నాయి. వాటిని పలకడానికి తెలుగు నోరు ఎంత శ్రమపడాలో సీతంపేట కొండల వైపు తిరిగిన వారికి తెలుసు.

భాష వచ్చాక కొండల్లో సొంత డబ్బుతో బడులు పెట్టారు. మాస్టర్ల జీతాలూ తానే ఇచ్చారు. 30 రూపాయలతో కొలువు మొదలెట్టిన బడిపంతులు చేసిన పని ఇది! సవర మాటల్లోనే వాచకాలు, పాటలు, కథలు రాశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం వాటిని అచ్చు వేయించి పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టమని కోరారు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది.

అయితే కొండలు ఆయన దగ్గర ఒకటి తీసుకున్నాయి. మన్యంలో తిరిగి తిరిగి మలేరియా జ్వరం పట్టింది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చి బతికినంత కాలం పోలేదు. చెవితో భాష నేర్చిన మనిషికి చెవులే దెబ్బతిన్నాయి. అయినా పని మానలేదు.

1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఏట్స్ దొర వచ్చారు. బతికి ఉన్న భాషను బతికి ఉన్న భాషగానే, నోటి మాటగానే నేర్పాలన్నది ఆయన పట్టుదల. తెలుగు జనం మాట్లాడేది ఒకటి, బడి పుస్తకంలో ఉన్నది మరొకటి ఎందుకైందని విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. అయ్యంగారికి గురజాడ, గిడుగు ఇద్దరి సంగతీ తెలుసు. అలా నలుగురి ఆలోచనా ఒకటైంది.

ఇంట్లో వస్తున్నాడు అనే కుర్రవాడు బడిలో వచ్చుచున్నాడు అని రాయాలి. తెలుగు పిల్లవాడికి తెలుగే పరాయి భాషలా అర్థం చెప్పాలి. సవర పిల్లవాడి కష్టం చూసి వచ్చిన పంతులు గారికి ఇది వెంటనే తగిలింది. ఆయన కావ్యాలు వద్దన్నారని కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అది పొరపాటు. కావ్యాలు చదవాలి గాని ఈనాటి సంగతి రాయడానికీ చెప్పడానికీ ఈనాటి మాటే ఉండాలన్నది ఆయన వాదం. పండితులను ఎదుర్కొనడానికి పాత గ్రంథాలనే తిరగేసి, వారు తప్పన్న ప్రయోగాలు అందులోనే చూపించారు.

గెలుపు తేలిగ్గా రాలేదు. స్కూల్ ఫైనల్‌లో వాడుక భాషలో వ్యాసం రాయవచ్చునని ప్రభుత్వం ఒప్పుకుని, గ్రాంథికవాదుల ఒత్తిడికి మళ్లీ వెనక్కి పోయింది. 1919లో ఆయన తెలుగు అనే మాసపత్రిక పెడితే ఏడాదికే ఆగింది. సభ వెంట సభ తిరిగి వాదించడం మాత్రం ఆగలేదు. సవర పనీ విడవలేదు. ఆ భాష నేర్పే ఇంగ్లీషు గ్రంథం 1931లో వెలువడింది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. అందుకు ఒప్పుకోని పంతులు గారు అర్ధ శతాబ్దం బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్లు దాటాయి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. 1940 జనవరి 22న మద్రాసులో మరణించారు. కుమారుడు సీతాపతి గారు తండ్రి వదిలిన సవర, తెలుగు పనులు రెండూ చేపట్టారు.