హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ – కరోల్ బాగ్ దవాఖానా

ఢిల్లీ కరోల్ బాగ్‌లో తిబ్బియా కాలేజీ, దాని ఆసుపత్రి ఉన్నాయి. ఆ కట్టడం చరిత్ర చెప్పాలంటే హకీం అజ్మల్ ఖాన్ గారి జీవితమే చెప్పాలి.

హకీం సాహెబ్ 1868 ఫిబ్రవరి 11న ఢిల్లీలో పేరుపొందిన హకీంల ఇంట పుట్టారు. బల్లీమారాన్‌లోని షరీఫ్ మంజిల్ వారి ఇల్లు. అక్కడికి వచ్చిన బీదవారిని ఉచితంగానే చూసేవారు. రాజులు, నవాబులు ఊరికి పిలిపించుకుంటే మాత్రం ఫీజు రోజుకు 1000 రూపాయలు!

అన్నగారు హకీం అబ్దుల్ మజీద్ పెట్టిన తిబ్బియా మదర్సాను పెద్ద కాలేజీ చేయాలని ఆయన కోరిక. దేశమంతా తిరిగి చందాలు పోగుచేశారు. హిందుస్తానీ దవాఖానాలో మందుల అమ్మకం మీద వచ్చే లాభం ఇంటికి తీసుకుపోకుండా కాలేజీకే ఇచ్చేశారు. యునానీ, ఆయుర్వేదం ఒకే కప్పు కింద ఉండాలన్నారు. హకీం, వైద్యుడు పక్కపక్కన కూర్చుని చదవాలన్నమాట. ఆడవాళ్ళ వైద్యానికి, మంత్రసానుల శిక్షణకు 1909లోనే ఒక స్కూలు తెరిచారు.

1916 మార్చి 29న వైస్రాయి లార్డ్ హార్డింజ్ పునాదిరాయి వేశారు. భవనం లేస్తుండగానే కాలం మారిపోయింది. పంజాబు ఘోరాలు, ఖిలాఫత్ అన్యాయం చూసి 1920లో హకీం సాహెబ్ సర్కారు ఇచ్చిన హాజిఖుల్ ముల్క్ బిరుదును తిరిగి ఇచ్చేశారు. సర్కారుకు కోపం వస్తే కాలేజీ ఏమవుతుందోనని వెనక్కి తగ్గలేదు. ప్రజలు ఆయనను మసీహుల్ ముల్క్ అని పిలుచుకున్నారు. వైస్రాయి పునాది వేసిన ఆ భవనాన్ని 1921 ఫిబ్రవరి 13న ప్రారంభించింది ఎవరనుకున్నారు? మహాత్మా గాంధీ!

అదే ఏడు అహమ్మదాబాదు కాంగ్రెసు మహాసభకు, జైల్లో ఉన్న చిత్తరంజన్ దాస్ గారి బదులు హకీం సాహెబే అధ్యక్షత వహించారు. జామియా మిల్లియాకు మొదటి ఛాన్సలర్ కూడా ఆయనే. డబ్బులేక అది మూతపడబోతే 1925లో అలీగఢ్ నుంచి కరోల్ బాగ్‌కు తెచ్చి, సొంత డబ్బు పెట్టి నిలబెట్టారు.

1927 డిసెంబరు 29న రాంపూర్‌లో గుండెజబ్బుతో కన్నుమూశారు. పాతమందుల్ని కొత్త సైన్సుతో పరీక్షించాలన్న ఆయన ఆశ వృథా పోలేదు. డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో సర్పగంధి వేరు నుంచి తీసిన పదార్థానికి అజ్మలైన్ అని ఆయన పేరే పెట్టారు.

రాజుగారి వెయ్యి రూపాయలూ, పేదవాడి దువా కలిసి కట్టిన దవాఖానా అది. సంఘం పేరున నాలుగు రాళ్ళు పోగుచేసే మనం ఆయనను తలచుకోవద్దూ!