ఆకులు వదిలేశాకే అడవి కనిపించింది

చిన్నపిల్లల్ని చెట్టు గీయమంటే నిలువుగా ఒక కాండం గీసి, పైన గుండ్రంగా ఆకుపచ్చ రంగు పూసి ఇచ్చేస్తారు. పెద్దయ్యాక బ్రష్ పట్టినవాళ్ళకి మాత్రం ఆకు ఆకూ గీయాలనిపిస్తుంది. కొమ్మ మీద పిట్ట, దూరాన గుడిసె, గుడిసె ముందు ముగ్గు... అన్నీ కావాలి! తీరా పూర్తయ్యాక చూస్తే బొమ్మలో అన్నీ ఉంటాయి, మనం చూసి ముచ్చటపడిన ఆ చెట్టు తప్ప.

ఆయిల్ పెయింటింగులో ప్రకృతి దృశ్యం వేసేవాళ్ళకి ఏం మానేయాలో తెలియడమే అన్నిటికన్నా కష్టం. అది పట్టుబడేసరికి ఎమిలీ కార్‌కి అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. కెనడా గర్వంగా చెప్పుకునే చిత్రకారిణి ఆమె. కథలు కూడా రాసింది. అందుకే నాకు ఆమె మీద ఇంకాస్త ఇష్టం.

ఎమిలీ 1871 డిసెంబరు 13న కెనడా పడమటి తీరంలోని విక్టోరియాలో పుట్టింది. అయిదుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరుది. పదిహేడేళ్ళు నిండకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఇల్లు పెద్దక్క చేతికి వచ్చింది. ఆవిడ మహా కట్టుదిట్టం మనిషి. ఆ ఇంట్లోంచి బయటపడి 1890లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి బొమ్మలు నేర్చుకుంది ఎమిలీ. తిరిగొచ్చాక ఇంటి వెనకున్న పశువుల కొట్టాన్ని బాగుచేసుకుని పిల్లలకి డ్రాయింగు చెప్పింది. ఆ డబ్బు కూడబెట్టి 1899లో ఇంగ్లండు వెళ్ళింది. అక్కడ జబ్బుపడి ఏడాదికి పైగా శానటోరియంలో ఉండాల్సి వచ్చింది.

ఇంతా చేసి నేర్చుకున్న విద్య ఆమె ఊరి అడవి ముందు నిలబడలేదు. ఇంగ్లండు పల్లెల్లో పొలం, కంచె, మెల్లగా దిగే కొండ, మధ్యలో ఖాళీ జాగా ఉంటాయి. కెనడా పడమటి అడవుల్లో ఖాళీ అన్నదే లేదు. ఆకాశాన్నంటే సీడార్ చెట్లు, వాటి కింద దట్టమైన పొదలు, చీకటి. ఆ అడవి బొమ్మకి లొంగదని అప్పట్లో చాలామంది చిత్రకారులు తేల్చేశారు కూడా.

1910లో అక్క ఆలిస్‌ని వెంటబెట్టుకుని ఎమిలీ ఫ్రాన్సు వెళ్ళింది. అప్పటికి ముప్ఫై తొమ్మిదో ఏడు నడుస్తోంది. గాఢమైన రంగులు, వెడల్పాటి బ్రష్, చిన్న చిన్న వివరాల జోలికి పోకుండా గీయడం అక్కడే తెలిసింది. 1911లో పారిస్‌లో పేరున్న ఒక ప్రదర్శనలో ఆమె బొమ్మలు రెండు పెట్టారు. ఆ ఉత్సాహంతో ఇంటికొచ్చి, 1912లో ఆదివాసుల గ్రామాలెన్నో తిరిగింది. దుంగల మీద వాళ్ళు చెక్కుకునే టోటెమ్ స్తంభాలను వరసగా చిత్రించింది. మర్నాటి ఏడు వాంకూవర్‌లో దాదాపు రెండు వందల బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. ఆ కొత్త పద్ధతి చాలామందికి నచ్చలేదు. ప్రభుత్వమైనా ఆ బొమ్మలు తీసుకుంటుందని ఆశపడింది. అదీ జరగలేదు.

వంటగదిలో పదిహేనేళ్ళు

బతకాలి కదా! 1913లో విక్టోరియాలో తన వాటా స్థలంలో ఇల్లు కట్టి అద్దెలకిచ్చింది. యుద్ధం రావడంతో అద్దెలు పడిపోయాయి. అద్దెకున్నవాళ్ళకి వండి పెట్టడం, ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి చూసుకోవడం, కుళాయి పాడైతే బాగుచేయడం, అన్నీ ఆమే. అవీ చాలక కుక్కపిల్లల్ని పెంచి అమ్మింది. మట్టి కుండలు చేసింది. తివాచీలు అల్లింది. సుమారు పదిహేనేళ్ళు బొమ్మలు వేసిందంటే వేసింది, లేదంటే లేదు. ఈ భాగం చదువుతుంటే మనలో చాలామందికి ఎవరో ఒకరు గుర్తుకొస్తారు.

1927లో ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీ నుంచి పిలుపు వచ్చింది. పడమటి తీరపు కళల ప్రదర్శనకి ఆమె పాత బొమ్మలు ఇరవయ్యారు తీసుకున్నారు. ఆ ప్రయాణంలోనే టొరంటోలో లారెన్ హారిస్ వేసిన చిత్రాలు చూసింది. కొండలూ చెట్లూ మంచూ నాలుగైదు పెద్ద ఆకారాలుగా మాత్రమే ఉన్న బొమ్మలవి. అవి చూశాక ఆమెకి నిద్రపట్టలేదు. హారిస్ ఆమెకన్నా పధ్నాలుగేళ్ళు చిన్నవాడు. అయినా ఉత్తరాలు రాసి సలహాలు అడగడానికి ఆమె మొహమాటపడలేదు. కొన్నాళ్ళు టోటెమ్ స్తంభాలు పక్కనపెట్టి నేరుగా అడవినే చూడమన్నాడాయన. 1928లో మార్క్ టోబీ అనే ఇంకా చిన్నవాడు ఆమె స్టూడియోలోనే క్లాసులు తీసుకున్నాడు. వెలుగూ నీడా గట్టిగా విడదీయడం అతని దగ్గర నేర్చుకుంది.

ముందు మాట, తర్వాత బొమ్మ

ఆమె పాటించిన పద్ధతి ఒకటి నాకు బాగా నచ్చింది. 1926లో పోస్టు ద్వారా కథలు రాయడం నేర్పే కోర్సు ఒకటి చేసింది. ఆ అలవాటు బొమ్మలకి పనికొచ్చింది. అడవికి వెళ్ళేటప్పుడు రంగులతోపాటు చిన్న నోటుబుక్కు కూడా సంచీలో వేసుకునేది. ఈ చోటు నన్నెందుకు ఆపింది, ఇందులో నేను చెప్పాలనుకున్నదేమిటి అన్నది ముందు మాటల్లో రాసుకునేది. రెండు గీతల్లో నమూనా వేసుకునేది. ఆ తర్వాతే రంగులు. రాసుకున్న మాటకి పనికిరానివన్నీ బొమ్మలోంచి తప్పుకునేవి.

1929లో వేసిన చర్చి బొమ్మే చూడండి. తీరాన ఒక ఆదివాసి గ్రామంలో చిన్న తెల్లని చర్చి. చుట్టూ ఇళ్ళున్నా ఆమె వేయలేదు. చర్చికి కిటికీలు కూడా పెట్టలేదు. పక్కన కొన్ని సమాధి శిలువలు, వెనకాల పొరలు పొరలుగా లేచిన పచ్చని అడవి. అంతే! చిన్న నమ్మకం, పెద్ద అడవి. ఆ బొమ్మని హారిసే కొనుక్కున్నాడు.

తర్వాత డబ్బు ఇబ్బంది కూడా ఆమెకి గురువైంది. కాన్వాసు ఖరీదు. అందుకని చవక మనీలా కాగితం కొని, ఆయిల్ రంగుల్ని పెట్రోలుతో పలచన చేసి వాడింది. తెలుపు కోసం ఇళ్ళకి వేసే రంగు. ఆ రంగు త్వరగా ఆరిపోతుంది కాబట్టి చేయి ఆపకుండా పెద్ద పెద్ద ఒంపులతో లాగేయాలి. ఆకులు లెక్కపెట్టే తీరిక ఉండదు. 1933లో పాత కారవాన్ బండి ఒకటి కొని, పెంపుడు కుక్కలూ కోతితో సహా అడవిలోనే మకాం పెట్టేది.

1935లో వేసిన ఒక చిత్రంలో నరికేసిన కొండమీద సన్నగా, పొడుగ్గా ఒకే చెట్టు నిలబడి ఉంటుంది. కలపకి పనికిరాదని కొట్టకుండా వదిలేసిన చెట్టు. కొసన చిన్న ఆకుల కుచ్చు. మిగతా బొమ్మంతా ఆ చెట్టు చుట్టూ తిరిగే వెలుగూ ఆకాశమూ. ఇంతకన్నా తక్కువతో ఇంతకన్నా ఎక్కువ చెప్పడం కష్టం.

1937లో గుండెపోటు వచ్చింది. అడవులు తిరగడం తగ్గింది. మంచంమీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. అక్కడా అదే పద్ధతి, అక్కర్లేని మాట తీసేయడం. మొదటి పుస్తకం 'క్లీ విక్' 1941లో వచ్చింది, గవర్నర్ జనరల్ అవార్డు తెచ్చిపెట్టింది. 1945 మార్చి 2న ఆమె కన్నుమూసింది.

ఆదివాసుల సంస్కృతి అంతరించిపోతోందన్నట్టు ఆమె చిత్రించిందని ఇప్పుడు విమర్శ ఉంది. వాళ్ళు ఈనాటికీ ఉన్నారు కనుక ఆ విమర్శలో న్యాయముంది. చర్చి బొమ్మకున్న పాత పేరుని 2018లో టొరంటోలోని మ్యూజియం మార్చి, ఆ ఊరి అసలు పేరు యూక్వాట్ అందులో చేర్చింది.

బొమ్మలు నేర్పేవాళ్ళు చెప్పే చిట్కా ఒకటుంది. కళ్ళు సగం మూసి చూస్తే చిన్నవన్నీ కలిసిపోయి పెద్ద ఆకారాలే మిగులుతాయి. ఎమిలీ దానికి ముందు ఇంకో మెట్టు కట్టింది. మీ ఇంట్లో అమ్మాయో, మీరో ఈసారి డాబా మీంచి కనిపించే వేపచెట్టుని వేయబోయే ముందు, అది ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం కాగితం మీద రాసి చూడండి. ఏ ఆకులు వదిలేయాలో ఆ వాక్యమే చెబుతుంది.