బెట్టీనో రికాసోలి

బెట్టీనో రికాసోలి (మార్చి 9, 1809 - అక్టోబరు 23, 1880) ఇటలీ దేశానికి చెందిన రాజనీతిజ్ఞుడు, వ్యవసాయ ప్రయోగశీలి. ఇటలీ ఏకీకరణలో ప్రముఖ పాత్ర వహించి, కవూర్ తరువాత దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. కియాంటీ అనే ఎర్ర వైన్‌కు స్థిరమైన రూపం కల్పించినది కూడా ఈయనే. కఠిన నియమజీవనం వల్ల ఈయనకు ఉక్కు బారన్ అన్న పేరు వచ్చింది.

బాల్యం, కుటుంబ బాధ్యతలు

రికాసోలి ఫ్లోరెన్సు నగరంలో ఒక ప్రాచీన జమీందారీ కుటుంబంలో జన్మించాడు. పద్దెనిమిదేళ్ళ వయసుకే తల్లిదండ్రులు ఇద్దరూ గతించారు. ఆస్తి అప్పులలో మునిగి ఉండగా, టస్కనీ ప్రభువు ప్రత్యేక ఉత్తర్వు ద్వారా ఈయనను మేజరుగా ప్రకటించి, తమ్ముళ్ళ సంరక్షణను అప్పగించాడు. చదువు మధ్యలో విడిచి ఈయన బ్రోలియో కోటకు చేరి, పొదుపుతో, స్వీయ పర్యవేక్షణతో క్రమంగా అప్పులు తీర్చాడు.

బ్రోలియో, కియాంటీ కొండలు

బ్రోలియో కోట సియెనా, ఫ్లోరెన్సు నగరాల మధ్యనున్న కియాంటీ కొండలలో, గయోలే గ్రామ పరిసరాలలో ఉంది. ఇది 1141 నుండి రికాసోలి వంశీయుల అధీనంలో ఉండేది. ఇక్కడి రాతి నేలలలో ద్రాక్ష, ఆలివ్ ముఖ్యమైన పంటలు. ఆ కాలంలో భూమి జమీందారుది, శ్రమ రైతు కుటుంబానిది. పంటను చెరిసగం పంచుకొనేవారు. అందుచేత వైన్ నాణ్యత పెరగడం జమీందారుకే గాక రైతుకూ ముఖ్యమే.

రాజకీయ జీవితం

1847లో ఈయన లా పాట్రియా అనే పత్రికను స్థాపించాడు. 1848లో ఫ్లోరెన్సు నగర ప్రధానాధికారిగా ఎన్నికై, ప్రభువు విధానాలు నచ్చక ఆ పదవికి రాజీనామా చేశాడు. 1859లో ప్రభువు టస్కనీ విడిచి వెళ్ళిన పిమ్మట ప్రభుత్వ బాధ్యతలు వహించి, 1860 మార్చి నాటి ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా టస్కనీని పీడ్‌మాంట్ రాజ్యంతో కలపడానికి కృషి చేశాడు. 1861 జూన్‌లో కవూర్ మరణించగా ప్రధాని అయి, 1862 మార్చి వరకు కొనసాగాడు. 1866-67లో రెండవసారి ఆ పదవిని చేపట్టాడు. వెనీషియా ప్రాంతం ఇటలీలో చేరినది ఆ కాలంలోనే.

ద్రాక్ష ప్రయోగాలు

ఈయన ఫ్రాన్సు ద్రాక్షతోటలను పరిశీలించి, బ్రోలియోలో అనేక సంవత్సరాలు పలు రకాలను పరీక్షించాడు. తన నిర్ణయాలను 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చేజరే స్టుడియాటికి లేఖ రూపంలో తెలియజేశాడు. వాటి ప్రకారం వైన్‌కు సువాసన, బలం ఇచ్చే ప్రధాన ద్రాక్ష సాంజోవేసే. దాని కరకుదనాన్ని తగ్గించేది కనాయోలో. తెల్ల ద్రాక్ష అయిన మాల్వాసియా వైన్‌ను తేలిక చేస్తుంది గనుక, త్వరగా తాగే వైన్‌కే అది తగినది. నిలవ ఉంచే వైన్‌లో దానిని మానుకోవచ్చును.

అనంతర ప్రభావం

రికాసోలి పెట్టిన ఈ భేదాన్ని తరువాతివారు పాటించలేదు. 1967 నాటి ప్రభుత్వ నిబంధనలు కియాంటీలో కనీసం 10 శాతం తెల్ల ద్రాక్షను తప్పనిసరి చేశాయి. దానితో నిలవకు తగిన వైన్ చేయదలచిన కొందరు ఉత్పత్తిదారులు కియాంటీ పేరునే వదులుకొన్నారు. 1984లో ఈ పరిమాణం బాగా తగ్గించబడింది. కియాంటీ క్లాసికో వైన్‌లో 2006 పంట నుండి తెల్ల ద్రాక్ష నిషేధించబడింది. సాంజోవేసే కనీసం 80 శాతం ఉండాలి.

రికాసోలి 1880లో బ్రోలియో కోటలోనే మరణించాడు.