యంత్రానికి వాక్యం నేర్పిన గ్రేస్ హాపర్

సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, నాకు పాతికేళ్లు అన్నం పెట్టిన కోబాల్ భాష వెనకున్న మనిషి గుర్తొచ్చారు. ఆవిడ గ్రేస్ హాపర్.

1906లో న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్లప్పుడు లోపల ఏముందో చూద్దామని ఇంట్లోని అలారం గడియారాలు ఏడింటినీ విప్పేశారట. యేల్‌లో గణితంలో డాక్టరేట్ చేసి, వాసర్ కళాశాలలో లెక్కలు చెప్పేవారు. యుద్ధం వచ్చాక, బరువు తక్కువన్నా పట్టుబట్టి నౌకాదళంలో చేరారు. 1944లో ఆవిడను హార్వర్డ్‌లోని మార్క్-1 కంప్యూటర్ దగ్గరికి పంపారు.

అప్పట్లో కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా అంకెల్లోనే చెప్పాలి. యుద్ధం తర్వాత యూనివాక్ తయారుచేసే కంపెనీలో చేరిన హాపర్‌కు ఒక సంగతి అర్థమైంది. జీతాల పట్టీ, సరుకుల నిల్వ చూసుకునేవాళ్లకు గణిత చిహ్నాలు మింగుడుపడవు. వాళ్లకు ఇంగ్లీషు మాటల్లో ఆజ్ఞలిచ్చే వీలుండాలి. కంప్యూటర్‌కు ఇంగ్లీషు రాదని పైవాళ్లు కొట్టిపారేశారు.

ఆవిడ వినలేదు. ఫ్లో-మాటిక్ అనే భాష మీద పని మొదలుపెట్టారు. ఇందులో మాటలు ఎంచుకోవడం సులువే. ఏ మాట తర్వాత ఏది రావాలి, ప్రతి వాక్యానికీ ఒకే అర్థం ఉండేదెలా అన్నదే అసలు కష్టం. ఇంగ్లీషులో ఆజ్ఞ చెబితే క్రియ ముందొస్తుంది. 'కంపేర్' అని చూడగానే, పోల్చడానికి రెండు అంశాలు వెనకే వస్తాయని యంత్రం కాచుకోవచ్చు.

అదే ప్రోగ్రామును ఫ్రెంచి, జర్మన్ మాటల్లోనూ రాసి చూపించారు. యంత్రానికి ఏ మాటైనా గుర్తే కదా అని ఆవిడ ఉద్దేశం. అమెరికా యంత్రం ఫ్రెంచి మాట్లాడటమేమిటని పెద్దలు బెదిరిపోయారు. వాళ్లకు నచ్చజెప్పడానికి ఇంగ్లీషు తప్ప వేరేది వాడబోమని చెప్పుకోవాల్సి వచ్చింది.

తెలుగైతే మాటలు మార్చడంతో సరిపోదు. మనం 'తలుపు తియ్యి' అంటాం. క్రియ చివరికి వస్తుంది. వాక్యం ఎత్తుగడే మార్చాలి. మన తెలుగు మాస్టారు బోర్డు మీద రాయించిన కర్త, కర్మ, క్రియ నాకు కంపైలర్ పాఠంలో మళ్లీ ఎదురైంది అందుకే.

1959లో పెంటగాన్‌లో జరిగిన సమావేశంతో కోబాల్ పని మొదలైంది. ఆవిడను కోబాల్ తల్లి అంటారు గానీ, రాసింది కమిటీ, ఆవిడ సలహాదారు. నడక మాత్రం చాలావరకు ఫ్లో-మాటిక్‌దే. 'సబ్‌ట్రాక్ట్ టాక్స్ ఫ్రమ్ గ్రాస్ గివింగ్ నెట్' అని రాస్తే గుమస్తా కూడా చదవగలడు. వాగుడు ఎక్కువని పండితులు వెక్కిరించారు. 2000 సంవత్సరం గండానికి ముందు, ఎవరో ఎప్పుడో రాసిన వేల వరుసలు తవ్విన మాలాంటివాళ్లకు ఆ వాగుడే దారి చూపింది.

1966లో నౌకాదళం ఆవిడకు పదవీ విరమణ ఇచ్చింది. మరుసటి ఏడే ఆర్నెల్ల పనికని వెనక్కి పిలిచింది. ఆ ఆర్నెల్లు 19 ఏళ్లయ్యాయి. 1986లో, 79వ ఏట, రియర్ అడ్మిరల్‌గా దిగారు. ఉపన్యాసాలకు వెళ్తే అడుగు పొడవుకు కాస్త తక్కువున్న తీగ ముక్కలు పంచేవారు. సెకనులో వందకోట్లవ వంతులో విద్యుత్తు పోగలిగే గరిష్ఠ దూరం అంత. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆ తీగ ముక్క ఒకటి ఇప్పటికీ అమెరికా మ్యూజియంలో ఉంది.