ఆసియాను గెలిపించిన బడి సారు

వరల్డ్ కప్ వచ్చిందంటే మన పెనుకొండ పక్క పిల్లోళ్లు అర్ధరాత్రి దాటినా ఫోన్లు వదలరు. నేనూ అంతే. 2022లో ఖతార్ మ్యాచులు చూస్తావుంటే గ్రౌండు చుట్టూ వెలిగే బోర్డుల మీద కియా పేరు కనపడింది. మన యర్రమంచి కాడ కార్లు చేస్తుండేది ఆ కియానే గదా. పక్కన కూసున్న పిల్లోడు ఈల ఏసినాడు. మనూరి పక్క పేరు వరల్డ్ కప్‌లో కనపడిందని వాని సంబరం. మన దేశం ఫుట్‌బాల్‌లో ఎప్పుడన్నా ఏమన్నా గెలిచిందా అని వాన్ని అడిగినా. నవ్వినాడు, అంతే.

గెలిచిందప్పా. ఒకసారి కాదు, రెండుసార్లు ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చుకున్నాం, 1951లో, 1962లో. నడాన 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలబడినాం. ఈ మూడింటికీ జట్టును తయారుచేసింది ఒకే మనిషి. హైదరాబాదులో బడి పిల్లోళ్లకు పాఠాలు చెప్పుకొనే సారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అంటుండ్రి. ఆ పిల్లోనికి తెలియకపోవడం వాని తప్పు కాదు, నాకూ ముప్పై దాటేదాకా తెలీదు. మా బడిలో ఎవరూ చెప్పలేదు. ఆటల పీరియడ్ వచ్చిందంటే లెక్కల సారు వచ్చి కూసుంటుండె.

రహీం సాబ్ 1909లో హైదరాబాదులో పుట్టినాడు. నిజాం రాజ్యం అది. ఉస్మానియా యూనివర్సిటీలో చదివినాడు, ఆ యూనివర్సిటీ జట్టుకే ఆడినాడు. తర్వాత కమర్ క్లబ్ అనే ఊరి జట్టుకు ఆడినాడు. ఆటగానిగా మంచి పేరే ఉండె, కానీ ఆయన కథ ఆడ లేదు. డిగ్రీ అయినాంక బడిలో సారుగా చేరినాడు. కొన్నాళ్లకు వ్యాయామ విద్యలో డిప్లొమా చేసొచ్చి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత తీసుకున్నాడు. అంటే మన భాషలో డ్రిల్లు సారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినాడు. సచ్చేదాకా ఆ పని వదల్లేదు.

ఇప్పుడు కొంచెం నిదానంగా చదవండి, నాకు శానా ఇష్టమైన సంగతి ఇదే. సంఘం చేతికొచ్చినాంక ఆయన చేసిన మొదటి పని పెద్ద పెద్ద కప్పులు పెట్టడం కాదు. పిల్లోళ్లకు వింత వింత పోటీలు పెట్టినాడు. ఒక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నల్ల. కుడికాలి వాటం పిల్లోడు ఎడమకాలితోనే ఆడల్ల. ఇంకో పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటా ఒక్కడే పరిగెత్తకూడదు, వచ్చిన బంతిని వెంటనే పక్కోనికి ఇచ్చేయల్ల. వయసును బట్టి గాకుండా ఎత్తును బట్టి పొట్టి పిల్లోళ్లకు వేరేగా పోటీలు పెట్టినాడు. ఆలోచించి చూడండి. మనూళ్లో ఆట చూస్తే ఏముంటాది? గట్టిగా ఉండే ఒకడు బంతి పట్టుకున్నాడంటే గోల్ దాకా వాడే పోతాడు. తక్కినోళ్లు వాని వెనకాల పరిగెత్తి ఆయాసపడతారు. పొట్టోడు గోల్ కాడ నిలబడల్ల. రహీం సాబ్ రూలు మార్చి, బక్కోనికీ పొట్టోనికీ బంతి అందేటట్ల చేసినాడు. దానికి పైసా ఖర్చు లేదు. తెలివి మాత్రమే కావల్ల.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయినాడు. ఆ ఏడాదే డ్యూరండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించినారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు వీళ్లదే. అంతవరకూ ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే లెక్కుండె. ఈడ ఇంకో ముచ్చట ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ జట్టోళ్లకు పోలీసు ఉద్యోగం ఉండె. నెలకు జీతం వస్తుండె. పేదింటి పిల్లోడు పొద్దున గ్రౌండుకు పోతే ఇంట్లో పొయ్యి వెలిగేది ఎట్ల అనే భయం లేదు. మనం ఆటగాని కష్టం గురించి సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకుంటాం గానీ, వాని జీతం గురించి అడగం.

రహీం సాబ్ చేతిలో పెరిగినోళ్లలో తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ వాళ్లది. శానా పేద కుటుంబం. అంత దూరం నుంచి రోజూ ప్రాక్టీసుకు రావాలంటే బండి లేదు. సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చినాడు. ఆ పిల్లోడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయినాడు. ఆ జట్టులో హైదరాబాదోళ్లు చాలామందే ఉండ్రి.

ఒలింపిక్స్ అంటే గుర్తొచ్చింది, ఓటమి సంగతీ చెప్పల్ల. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయినాం. ఆ చలి దేశంలో మనోళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడినారు. దాని తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేసినారు. వట్టి కాళ్లతో ఆడినారని ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకైతే అందులో గొప్ప ఏమీ కనపడదు. మా చెరువు లోపల నీళ్లింకినాంక మేమూ వట్టి కాళ్లతోనే ఆడినాం, ముళ్లు పీక్కుంటా. బూట్లుంటే తొడుక్కునే ఆడుతుంటిమి.

నాలుగేండ్లకు మెల్‌బోర్న్‌లో లెక్క మారింది. నిజం చెప్పాలంటే మొదటి రౌండ్లో హంగరీ రాలేదు, ఆడకుండానే దాటినాం. కానీ తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టినాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ ఏసినాడు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియానే, 4-1తో ఓడినాం. మూడో స్థానం మ్యాచు బల్గేరియాకు పోయింది. 1960 రోమ్‌లో ఒక్క మ్యాచూ గెలవలేదు గానీ హంగరీతో 2-1 దాకా పోరాడినాం, ఫ్రాన్సుతో 1-1 సమానం చేసినాం.

ఇంక 1962. జకార్తా. అప్పటికి రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తావుంది. అట్లనే జట్టును తీసుకొని పోయినాడు. మొదటి మ్యాచులోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2. ఫైనల్లో ఎదురుగా మళ్లీ అదే కొరియా. బయట ఊరంతా మనోళ్ల మీద కోపంగా ఉండె. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను పోటీలకు రానీలేదని మన దేశపు క్రీడాధికారి సోంధీ తప్పుపట్టినాడు, ఆ మంట ఆటగాళ్ల మీద పడింది. స్టేడియంలో లక్ష మంది దాకా జనం, మనోళ్లు బంతి ముట్టుకుంటే కేకలు, ఎగతాళి. ఆ రోజు మనోళ్లకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టోళ్లని ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు.

డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. ఎవరైనా ఏం చేస్తారు? పక్కన కూసోబెడతారు. రహీం సాబ్ ఆయన్ను వెనక నుంచి తీసి ముందు వరసలో గోల్స్ ఏసేకి నిలబెట్టినాడు. సెమీస్‌లో ఒక గోల్ ఏసినాడు. ఫైనల్లో పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, మొదటి 20 నిమిషాల్లోనే రెండు. కొరియా ఆఖర్లో ఒకటి ఏసింది గానీ సరిపోలేదు. 2-1. సెప్టెంబర్ 4. ఫైనల్‌కు ముందు ఆయన పిల్లోళ్లను కూసోబెట్టుకొని, రేపు నాకొక కానుక ఇయ్యండని అడిగినాడంట. బంగారాన్నే అడిగినాడు. ఆ జట్టులో సిక్కులున్నారు, హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. ఇప్పటి రోజుల్లో ఇది కూడా గుర్తు చేయాల్సొస్తోంది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ పోయినాడు. 53 ఏండ్లు. ఆయన పోయినాంక ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆయన ఏసిన విత్తనమే అది. తర్వాత మెల్లగా అంతా ఎండిపోయింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇంకో బంగారం ఇప్పటిదాకా రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో, అంటే ఆయన పోయిన 22 ఏండ్లకు. 2024లో అజయ్ దేవగన్‌తో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చినాంకనే ఊళ్లల్లో కొందరికి పేరు తెలిసింది.

నాకు ఆయన మీద కూడా ఒక బాధ ఉంది. సంఘం ఆయనే, కోచ్ ఆయనే, పిల్లోళ్లకు సైకిల్ అద్దె ఇచ్చేది ఆయనే. ఆ మనిషి లేకపోతే ఎవరు చేయల్ల అనేది ఎవరూ ఏర్పాటు చేసుకోలేదు. తప్పు ఆయనదని అనను. ఒక బడి సారు భుజాల మీద అంత బరువు పెట్టి, తక్కినోళ్లు కప్పులతో ఫోటోలు దిగినారు. మన అనంతపురంలో ఆర్డీటీ వాళ్లు స్పోర్ట్స్ విలేజ్ కట్టినాంక పల్లె ఆడపిల్లలు కూడా బూట్లు తొడుక్కొని ఫుట్‌బాల్ ఆడినారు. ఒక సంస్థ పూనుకుంటే అంత జరిగింది. సర్కారు బళ్లన్నీ పూనుకుంటే?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేయండి. మీ హైస్కూల్లో డ్రిల్లు సారు ఉన్నాడా, ఖాళీగా ఉందా? గ్రౌండు ఎన్ని సెంట్లు ఉంది, అందులో ఎంత కంపచెట్ల కింద ఉంది, ఎంత ఆక్రమణలో ఉంది? ఆటల పీరియడ్‌లో నిజంగా ఏం జరుగుతోంది? రాసి పెట్టుకోండి. వచ్చే సోమవారం మీ మండలాఫీసు అర్జీల పెట్టెలో వెయ్యండి. నేనూ మా ఊరిది రాస్తావున్నా.